తిన్న అన్నం బలం ఎలా అవుతుంది?

కృష్ణా నది ఒడ్డున వేదాద్రి ఉంది. జగ్గయ్యపేటకు దగ్గర. అక్కడ యోగానంద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. 2022 దాకా ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.

వేదాద్రి వచ్చినవాళ్లు ఏట్లో స్నానం చేస్తారు. గుడికి వెళతారు. ఓపిక ఉన్నవాళ్లు కొండ మీదికి వెళ్లి జ్వాలా నరసింహస్వామిని కూడా చూస్తారు. ఏటి ఒడ్డున ఎంతసేపు నడిచినా కబుర్లు ఆగవు. కొండ ఎక్కేటప్పుడు మాత్రం మాట ఆగిపోతుంది. ఆయాసం వస్తుంది. గుండె దడదడలాడుతుంది. పిక్కలు మండుతాయి. కాసేపు నిలబడితే గాని మళ్లీ అడుగు పడదు.

పొలం పని చూడండి. జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట పొలాల్లో పత్తి, మిరప పండిస్తారు. ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తి తీస్తారు. మిరపకాయలు కోస్తారు. ఆ పని గంటల తరబడి సాగుతుంది. అదే మనిషి బరువైన మూట నెత్తిన పెట్టుకుని గట్టెక్కితే రెండు నిమిషాలకే రొప్పుతుంది.

కాళ్లు అవే. ఊపిరి అదే. మరి ఈ తేడా ఎందుకు?

ఇంకో సంగతి కూడా ఉంది. కొంతమంది ఆడవాళ్లకు చదును నేల మీద నడిచినా ఆయాసమే. నాలుగు బిందెలు నీళ్లు తెస్తే కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషిని ఇంట్లోవాళ్లు "బద్ధకస్తురాలు" అంటారు. ఆ మాట నిజమేనా? ఇది తేలాలంటే ముందు ఒంట్లో బలం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలి.

బలం పుట్టే చోటు

ఇల్లు ఇటుకలతో కడతారు. మన ఒళ్లు కణాలతో తయారైంది. ఇటుకకు ప్రాణం లేదు. కణానికి ప్రాణం ఉంది. అది తింటుంది. గాలి తీసుకుంటుంది. పని చేస్తుంది. చెత్తను బయటికి నెడుతుంది. కణం మామూలు కంటికి కనిపించదు. మైక్రోస్కోపులో చూడాలి. ఒక మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయి.

అన్నం తిన్నాం. జొన్నరొట్టె తిన్నాం. అది పొట్టలోకి, పేగుల్లోకి పోయి అరుగుతుంది. అందులోని పిండిపదార్థం గ్లూకోజు అనే చక్కెరగా మారుతుంది. ఆ గ్లూకోజు రక్తంలో కలుస్తుంది.

గాలి పీల్చాం. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలిలో ప్రాణవాయువు ఉంది. దాన్నే ఆక్సిజన్ అంటారు. అదీ రక్తంలో కలుస్తుంది.

అన్నం పొట్టలోకి పోయినా, మన కాళ్లు చేతులు ఆడే బలం పొట్టలో పుట్టదు. గాలి ఊపిరితిత్తుల్లోకి పోయినా అక్కడా పుట్టదు. అన్నంలోని గ్లూకోజు, గాలిలోని ఆక్సిజన్ రెండూ రక్తం వెంట ప్రతి కణానికీ చేరతాయి. బలం కణంలోనే పుడుతుంది.

కణం లోపల మరీ చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. వాటి పేరు మైటోకాండ్రియా. నోరు తిరగకపోతే "కణంలో పొయ్యి" అనుకుంటే చాలు. ఈ పొయ్యిలో మంట ఉండదు. గ్లూకోజు నెమ్మదిగా, మెట్టు మెట్టుగా కరుగుతుంది. మన ఒళ్లు వెచ్చగా ఉండేది ఇందువల్లే.

నోటు, చిల్లర

అగ్గిపెట్టె కొనడానికి అయిదు వందల నోటు ఇచ్చారనుకోండి. కొట్టు ఆయన ఏమంటాడు?

"చిల్లర ఉంటే ఇవ్వమ్మా" అంటాడు.

ఒంట్లోనూ అంతే. గ్లూకోజు పెద్ద నోటు లాంటిది. దాన్ని కండరం నేరుగా వాడుకోలేదు. ముందు చిల్లరగా మార్చుకోవాలి. ఆ చిల్లర పేరు ఏటీపీ. చెయ్యి ఎత్తాలన్నా ఏటీపీ కావాలి. గుండె కొట్టుకోవాలన్నా కావాలి. మెదడు ఆలోచించాలన్నా కావాలి. కడుపులో బిడ్డ పెరగాలన్నా కావాలి.

నోటును చిల్లరగా మార్చడానికి కణానికి రెండు దార్లున్నాయి. ఒకటి ఆక్సిజన్‌తో. రెండోది ఆక్సిజన్ లేకుండా.

ఆక్సిజన్ సరిపడా ఉంటే ఒక్క గ్లూకోజు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. మిగిలే చెత్త రెండే రకాలు. ఒకటి నీళ్లు. రెండోది బొగ్గుపులుసు వాయువు. ఆ వాయువును మనం ఊపిరితో బయటికి వదిలేస్తాం.

ఆక్సిజన్ లేకుండా అయితే ఒక్క గ్లూకోజు నుంచి 2 ఏటీపీలే మిగులుతాయి.

30 ఎక్కడ? 2 ఎక్కడ? మిగతాది ఏమైంది?

వంటింట్లో పొయ్యి దగ్గర దీనికి జవాబు దొరుకుతుంది. గాలి బాగా ఆడితే కట్టె బూడిద అయ్యేదాకా కాలుతుంది. మండుతున్న కట్టెను గాలి ఆడకుండా కప్పేస్తే సగంలో ఆగి బొగ్గవుతుంది. ఆ బొగ్గులో వేడి ఇంకా దాగే ఉంటుంది. ఆక్సిజన్ లేకుండా కరిగిన గ్లూకోజు కూడా అలాంటిదే. సగంలో ఆగిపోతుంది. అలా ఆగినదాన్ని లాక్టిక్ ఆమ్లం అంటారు. అందులో బలం ఇంకా మిగిలే ఉంటుంది.

మరి 2 మాత్రమే ఇచ్చే దారి ఎందుకు? అది చాలా వేగంగా నడుస్తుంది కాబట్టి. పాము కనిపించింది. వెంటనే పరుగెత్తాలి. గుండె, ఊపిరితిత్తులు ఆ క్షణంలోనే కావలసినంత ఆక్సిజన్ పంపలేవు. అప్పుడు ఈ దారి ఆదుకుంటుంది. కండరంలో ఇంకో చిన్న నిల్వ కూడా ఉంది. కొంగున ముడి వేసుకున్న చిల్లర లాంటిది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. అది పది సెకన్ల పాటు వస్తుంది.

ఇప్పుడు కొండ సంగతి తెలిసిపోయింది కదా. ఏటి ఒడ్డున నడిచేటప్పుడు కాళ్లకు కావలసిన ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. పత్తి తీసేటప్పుడూ అంతే. కొండ ఎక్కేటప్పుడు కాళ్ల కండరాలు ఎక్కువ చిల్లర అడుగుతాయి. వచ్చే ఆక్సిజన్ చాలదు. అందుకే ఊపిరి వేగం పెరుగుతుంది. గుండె వేగం పెరుగుతుంది. అప్పటికీ చాలకపోతే రెండో దారి తోడవుతుంది. పిక్కలు మండుతాయి. "ఇక ఆగు" అని ఒళ్లు చెబుతుంది.

ఆగి కూర్చున్నాక కూడా కాసేపు రొప్పుతాం. ఎందుకు? ఒళ్లు బాకీ తీర్చుకుంటోంది. ఖాళీ అయిన కొంగుముడి మళ్లీ నిండాలి. మిగిలిన లాక్టిక్ ఆమ్లాన్ని గుండె, కండరాలు ఆక్సిజన్‌తో వాడుకుంటాయి. కొంత కాలేయానికి పోయి మళ్లీ గ్లూకోజు అవుతుంది. బొగ్గు పారేయకుండా కుంపట్లో వాడుకున్నట్టే.

మర్నాడు కాళ్లు నొప్పి పుడితే అది లాక్టిక్ ఆమ్లం వల్ల అని కొందరు అంటారు. అది నిజం కాదు. ఆ ఆమ్లం ఒకటి రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. అలవాటు లేని పనికి కండరంలో సన్నని పోగులు దెబ్బతింటాయి. మర్నాటి నొప్పి వాటి వల్ల వస్తుంది.

అయితే మెదడు ఇలా బాకీ మీద బతకలేదు. దానికి ఎప్పటి ఆక్సిజన్ అప్పుడు అందాలి. నాలుగైదు నిమిషాలు అందకపోతే మెదడు కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. నీళ్లలో మునిగినవాళ్లను వెంటనే బయటికి తీసి ఊపిరి అందించాలని చెప్పేది ఇందుకే.

పెరుగు కుండలో ఇదే పని

ఆక్సిజన్ లేకుండా బతికే పద్ధతి మనిషికి కొత్తగా వచ్చింది కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఎప్పటినుంచో ఇలాగే బతుకుతున్నాయి. ఆడవాళ్లు రోజూ వాటితో పని చేయిస్తున్నారు.

గోరువెచ్చని పాలలో తోడు వేస్తారు. తోడులో సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పాలు పులిసి పెరుగవుతాయి. లాక్టిక్ అనే పేరు పాల నుంచే వచ్చింది. కొండ ఎక్కేటప్పుడు పిక్కల్లో తయారయ్యేదీ, పెరుగు కుండలో తయారయ్యేదీ ఒకటే.

ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. అక్కడా సూక్ష్మజీవుల పనే. అవి వదిలే వాయువు పిండిని పొంగిస్తుంది. తాటిచెట్టు నుంచి దిగిన తియ్యటి రసం కల్లుగా మారేదీ ఇలాగే. అందులో చేరే ఈస్టు చక్కెరను తిని సారాయం వదులుతుంది.

చిల్లరను కనిపెట్టిన తెలుగువాడు

ఏటీపీని కనిపెట్టినవారిలో ఒకరు తెలుగువారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి పాసయ్యారు. కొడుకు చదువుకోవాలని తల్లి వెంకమ్మ పట్టుబట్టారు.

ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలవుతాయి. రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పరిశోధన చేశారు. ఇద్దరూ కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి లోకానికి చెప్పారు. అంటే కొంగుముడిలో చిల్లర అన్నమాట. 1929లో ఏటీపీ గురించి చెప్పారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనిపెట్టారు.

అదే కాలంలో బొంబాయిలో ఒక ఆడమనిషి ఇంకో పని చేస్తున్నారు. ఆమె లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు. 1928లో మన దేశానికి వచ్చారు. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను చూశారు. కడుపుతో ఉన్నప్పుడు వాళ్లకు రక్తం బాగా తగ్గిపోయేది. పాలిపోయి, లేవలేక ఉండేవారు. ఈస్టు నుంచి తీసిన పదార్థం తినిపిస్తే కోలుకున్నారు. అందులో ఏదో మేలుచేసేది ఉందని తేలింది. అదేమిటో అప్పటికి తెలియలేదు.

1941లో శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. ఆ మిల్లు ఆడవాళ్లకు మేలు చేసింది ఇదే. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది సుబ్బారావే. అప్పటికి ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఉన్నారు. స్ప్రూ జబ్బుకు కూడా ఆ మందు పనిచేసింది. ఆయన తిరిగి మన దేశం రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు.

ఆక్సిజన్‌ను మోసే బండ్లు

పీల్చిన ఆక్సిజన్‌ను కణాలకు మోసుకుపోయేది రక్తం. రక్తంలో ఎర్రకణాలు ఉంటాయి. ఇవి బండ్ల లాంటివి. వీటిలో హిమోగ్లోబిన్ ఉంటుంది. అదే ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. రక్తానికి ఎర్రరంగు దానివల్లే వచ్చింది. హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. కొత్త ఎర్రకణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి.

ఎర్రకణంలో ఒక విచిత్రం ఉంది. దానిలో పొయ్యి లేదు. అంటే మైటోకాండ్రియా లేవు. అది ఆక్సిజన్ లేని దారిలోనే బతుకుతుంది. 2 ఏటీపీలతోనే సరిపెట్టుకుంటుంది. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోస్తుంది, తాను మాత్రం వాడుకోదు. ఇలా సుమారు 120 రోజులు పనిచేసి అరిగిపోతుంది. దాని చోట కొత్తది రావాలి.

పది బండ్ల సరుకు మోయాలి. ఆరు బండ్లే ఉన్నాయి. అప్పుడేం చెయ్యాలి? ఎక్కువ సార్లు తిరగాలి. రక్తహీనతలో జరిగేది ఇదే. బండ్లు తక్కువ. గుండె వాటిని వేగంగా తిప్పుతుంది. అందుకే దడ. ఊపిరి కూడా వేగమవుతుంది. అందుకే ఆయాసం. ఎంత తిప్పినా కణాలకు ఆక్సిజన్ చాలదు. 30 రావలసిన చోట 2తో సరిపెట్టుకోవలసి వస్తుంది. అందరికీ కొండెక్కితే వచ్చే ఆయాసం, ఆమెకు చదును నేల మీదే వస్తుంది.

చాలా ఇళ్లలో ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"మా కోడలికి ఒళ్లు వంగదమ్మా. రెండు గిన్నెలు తోమితే కూలబడుతుంది" అంటుంది అత్త.

"నాకు నిజంగా చేతకావడం లేదత్తయ్యా" అంటుంది కోడలు.

ఈ మాటలు వినగానే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "ఆమెకు రక్తం ఎంత ఉంది?" కోడలికే కాదు, అత్తకు కూడా ఆ పరీక్ష కావాలి. ఎందుకంటే ఇది ఒకరిద్దరి బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను పరీక్షించారు. నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ? నెలనెలా రక్తం పోతుంది. కాన్పులో పోతుంది. కడుపులో బిడ్డకు కావలసిన ఇనుము కూడా తల్లే ఇవ్వాలి. కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోతే తల్లి కోలుకోదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం ఇంకో కారణం. కొందరికి పేగుల్లో కొంకి పురుగులు ఉంటాయి. అవి రక్తం పీలుస్తాయి. దొడ్డికి పోయే నేల మీద చెప్పులు లేకుండా నడిస్తే ఆ పురుగు పిల్లలు పాదాల గుండా ఎక్కుతాయి.

కడుపుతో ఉన్న మనిషికి రక్తహీనత చాలా ప్రమాదం. తల్లికి తక్కువైతే బిడ్డకూ తక్కువే. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. రక్తం ముందే తక్కువున్న తల్లి, కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు. ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా గుర్తుపట్టాలి?

కింది కనురెప్ప లోపల, నాలుక, గోళ్లు పాలిపోయి ఉంటాయి. ఆయాసం, దడ, తలతిప్పు ఉంటాయి. కొంతమందికి మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. అది సిగ్గుపడే సంగతి కాదు. ఇనుము తక్కువైన ఒంట్లో అలా జరుగుతుంది.

ఖాయంగా తెలియాలంటే పరీక్ష చేయించాలి. వేలి మీద సూదితో పొడిచి చుక్క రక్తం తీస్తారు. ఊళ్లో ఏఎన్ఎం చేస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా చేస్తారు. వాళ్లు ఒక అంకె చెబుతారు. ఆ అంకెను అడిగి తెలుసుకోవాలి.

ఆడవాళ్లకు 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి.
కడుపుతో ఉన్నవాళ్లకు కనీసం 11 ఉండాలి.
7 కన్నా తగ్గితే చాలా ప్రమాదం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఏం చెయ్యాలి?

తోటకూర, మునగాకు, పాలకూర, రాగులు, సజ్జలు, శనగలు, నువ్వులు తినాలి. మాంసం తినేవాళ్లకు కాలేయం, మాంసం, చేపలు ఇంకా మంచివి. కూరలో నిమ్మకాయ పిండుకోవాలి. ఉసిరికాయ, జామకాయ తినాలి. వాటివల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఒక గంట ఆగి తాగవచ్చు.

రక్తం బాగా తగ్గినప్పుడు తిండి ఒక్కటే చాలదు. బిళ్లలు కావాలి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్రబిళ్లలో రెండు మందులున్నాయి. ఒకటి ఇనుము. రెండోది ఫోలిక్ ఆమ్లం. బొంబాయి మిల్లు ఆడవాళ్లను లేపి నిలబెట్టిందీ, సుబ్బారావు బృందం తయారుచేసిందీ ఈ ఫోలిక్ ఆమ్లమే.

కడుపుతో ఉన్నవాళ్లు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు వేసుకోవాలి. మిగతావాళ్లు ఎన్ని వేసుకోవాలో ఏఎన్ఎంని అడగాలి. బిళ్ల వేసుకుంటే దొడ్డి నల్లగా వస్తుంది. దానికి భయపడక్కర్లేదు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. మధ్యలో మానకూడదు. బిళ్లలు వాడినా అంకె పెరగకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. వేరే కారణం ఉండవచ్చు.

అందరితో పాటే కూర్చుని అన్నం తినాలి. ఇది కూడా మందే. చివర మిగిలింది తినే మనిషి ఒంట్లో బండ్లు తక్కువే ఉంటాయి.

చెప్పండి

1. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజు నుంచి ఎన్ని ఏటీపీలు వస్తాయి? లేకపోతే ఎన్ని?
2. కొండ దిగి కూర్చున్నాక కూడా కాసేపు ఎందుకు రొప్పుతాం?
3. రక్తం తక్కువైతే గుండె ఎందుకు దడదడలాడుతుంది?
4. ఊరికే అలిసిపోయే మనిషిని బద్ధకస్తురాలు అనవచ్చా? మీ ఇంట్లో దీని గురించి మాట్లాడండి.

రాయండి

ఈ నెల పరీక్ష చేయించుకోండి. అంకె అడిగి ఇక్కడ మీ చేత్తో రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించి, పక్కన రాయండి.

నా పేరు: ....................
నా హిమోగ్లోబిన్: ..........  తేదీ: ..........
మూడు నెలల తర్వాత: ..........  తేదీ: ..........